ప్రెడ్నిసోలోన్ మాత్రలు: పనికి పూర్తి మార్కులు, వాడకానికి సవాలక్ష షరతులు

మందుల షాపులో వైసోలోన్ అన్నా, ఆమ్నకార్టిల్ అన్నా చేతికొచ్చే మందు ఒకటే, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్. 5, 10, 20, 40 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. ఉబ్బసం ముదిరినప్పుడు, కీళ్లవాతానికి, ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే లూపస్‌కి, పిల్లల్లో మూత్రంలో ప్రోటీన్ పోయే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కి డాక్టర్లు రాసేది ఎక్కువగా దీన్నే. ఆయాసం కొన్ని గంటల్లో నెమ్మదిస్తుంది. వేళ్లు ముడవలేని కీళ్లవాతం మనిషి రెండో రోజుకల్లా చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడు. పనితీరులో వంక పెట్టడానికేమీ లేదు. వంకలన్నీ మోతాదులో, రోజుల లెక్కలో, ఆపే తీరులో ఉన్నాయి.

‘స్టెరాయిడా? వద్దు బాబోయ్’ అనేవాళ్లూ, ‘ఏం కాదులే’ అని నెలల తరబడి మింగేవాళ్లూ చూడని అంకెలు రెండున్నాయి: రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు, మొత్తం ఎన్ని రోజులు. ఉబ్బసం ముదిరిన పెద్దవాళ్లకు రోజుకు 40 చొప్పున 5 నుంచి 7 రోజులు ఇచ్చే కోర్సుకు భయపడి మందు మానేస్తే మందుకంటే జబ్బే ఎక్కువ నష్టం చేస్తుంది. అదే మాత్ర రోజుకు 10 చొప్పున ఏడాది సాగితే లెక్క వేరు.

మొదటి వారంలోనే కనిపించేవి నిద్ర పట్టకపోవడం, విపరీతమైన ఆకలి, చిరాకు, షుగర్ పెరగడం. నిద్ర సమస్య చాలావరకు వేళ మార్చుకుంటే తగ్గుతుంది. ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ తెల్లవారుజామునే ఎక్కువ. అందుకే రోజు మోతాదంతా ఒకేసారి, పొద్దున 8 గంటలకు టిఫిన్‌తో వేసుకోమంటారు. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే తెల్లవార్లూ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవాల్సిందే. చిరాకు మోతాదును బట్టి పెరుగుతుంది. రోజుకు 40 లోపు ఉన్నవాళ్లలో తీవ్రమైన మానసిక మార్పులు అరుదు. 80 దాటినవాళ్లలో అయిదారుగురిలో ఒకరికి వచ్చినట్టు 1972లోనే బోస్టన్ పరిశీలనలో తేలింది. మనిషి ఉన్నట్టుండి అతిగా మాట్లాడుతున్నా, నిద్రే లేకుండా హుషారుగా తిరుగుతున్నా ఇంట్లోవాళ్లు డాక్టరుకు చెప్పాలి. రోగికి తన మార్పు తనకు తెలియదు.

షుగర్ దగ్గర జరిగే పొరపాటు మాత్రం ఎక్కడ చూసినా ఒకటే. పొద్దున వేసుకున్న మాత్ర ప్రభావం మధ్యాహ్నం నుంచి ఎక్కి, సాయంత్రానికి పతాకస్థాయికి చేరి, రాత్రికి దిగుతుంది. కాబట్టి పరగడుపు పరీక్షలో 95 వచ్చిందని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. అదే మనిషికి భోజనమయ్యాక సాయంత్రం 4 గంటలకు 260 ఉండొచ్చు. చూడాల్సింది మధ్యాహ్న భోజనం తర్వాత రెండు గంటలకు, లేదా రాత్రి భోజనానికి ముందు. అప్పుడు 200 దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి. ముందునుంచీ షుగర్ ఉన్నవాళ్ల మందుల మోతాదు స్టెరాయిడ్ మొదలైనప్పుడు పెంచాల్సి రావచ్చు, తగ్గించేటప్పుడు దాన్నీ తగ్గించాల్సి రావచ్చు. ఈ రెండోది మర్చిపోయి షుగర్ పడిపోయే కేసులు తక్కువేం కాదు.

2021లో కోవిడ్ రోగుల్లో బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి ఇలా అదుపు తప్పిన షుగర్ ఒక పెద్ద కారణం. ఇదే జాతికి చెందిన డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున పదిరోజుల వరకు ఇస్తే ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు మేలు చేస్తుందని, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మేలు కనిపించలేదని 2020లోనే ఆక్స్‌ఫర్డ్ ట్రయల్ చెప్పింది. అయినా ఇంట్లోనే జ్వరం తొలిరోజు నుంచే స్టెరాయిడ్లు మొదలుపెట్టినవాళ్లున్నారు. ఆ మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఆ ఫంగస్‌ను నోటిఫై చేయాల్సిన (ప్రతి కేసూ ప్రభుత్వానికి తెలపాల్సిన) జబ్బుగా ప్రకటించింది.

వారాలు గడిస్తే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, బీపీ పెరుగుతుంది, కాళ్ల చీలమండల దగ్గర నీరు చేరుతుంది. మన కంచంలో ఉప్పు తక్కువేం కాదు. ఆవకాయ, అప్పడం, ఒడియాలు ఈ రోజుల్లో పక్కన పెడితే వాపులో తేడా కనిపిస్తుంది. ముఖం ఉబ్బు శాశ్వతం కాదు, మోతాదు తగ్గేకొద్దీ కొన్ని నెలల్లో దిగుతుంది. ఈ ఒక్కదానికే హడలి మందు మానేసేవాళ్లు ఎక్కువ. అసలు భయపడాల్సినవి అద్దంలో కనిపించవు.

ఎముకలు గుల్లబారడం మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే వేగంగా జరుగుతుంది, నొప్పి మాత్రం ఉండదు. మూడు నెలలకు మించి వాడబోతున్నారంటే క్యాల్షియం, విటమిన్ డి, ఎముక సాంద్రత పరీక్ష గురించి మొదటి రోజే అడగండి. నడుస్తుంటే గజ్జల్లో లోతుగా నొప్పి వస్తే అది కండరం పట్టేయడమని బామ్ రాసుకుంటూ కూర్చోవద్దు. తుంటి బంతికి రక్తం అందకపోతే మొదట వచ్చే సూచన అదే కావచ్చు. తొలిదశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, ఎమ్మారైలోనే తెలుస్తుంది. కండరాల బలహీనతకు ఇంట్లోనే చిన్న పరీక్ష ఉంది: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి. నిరుడు లేచి, ఇప్పుడు లేవలేకపోతే తొడ కండరాలు నీరసించాయేమోనని అనుమానించాలి. దీర్ఘకాలం వాడేవాళ్లకు ఏడాదికోసారి కంటి పరీక్ష శుక్లం కోసమే కాదు, నీటికాసుల కోసం కూడా. అద్దాలు మార్పించుకుంటూ పోతే కంటిలోపలి ఒత్తిడి సంగతి తెలియదు.

జ్వరం విషయంలో ఈ మాత్ర మోసం చేస్తుంది. ఒంట్లో చీము పడుతున్నా వేడి, నొప్పి రెండూ అణిచిపెడుతుంది. పాత టీబీ తిరగబెట్టొచ్చు. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే, మీకు మునుపు రాకపోయి ఉంటే, పొక్కులు వచ్చేదాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. ఇక గ్యాస్ మాత్ర: స్టెరాయిడ్‌తో పాటు అందరికీ అక్కర్లేదు. కానీ డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్ర కూడా వాడుతుంటే కడుపులో పుండు పడే ముప్పు బాగా పెరుగుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు, నొప్పి తగ్గిందని ఒక్కసారిగా ఆపేయడం. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ చేసే కార్టిసాల్ ఇంచుమించు 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసోలోన్‌కి సమానం. బయటినుంచి అంతకంటే ఎక్కువ వస్తుంటే అవి పని మానేస్తాయి. మూడు వారాలు దాటాక ఆపితే మళ్లీ మేలుకోవడానికి వాటికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా జ్వరమో, ఆపరేషనో వస్తే వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం. ప్రాణం మీదికి రావచ్చు. అందుకే 20 నుంచి 10కి త్వరగా దించినా, 5 దగ్గరకొచ్చాక నెమ్మదిగా దించుతారు. దీర్ఘకాలం వాడేవాళ్లకు వాంతి అయి మాత్ర బయటికొస్తే, లేదా జ్వరమొస్తే మోతాదు ఎంత పెంచాలో ముందే రాయించుకోండి.

ప్యాకింగ్‌కి మార్కులు తగ్గించక తప్పదు. దించే కోర్సులో ఇంట్లో 20, 10, 5 స్ట్రిప్పులు మూడూ ఒకే డబ్బాలో చేరతాయి. ఒకే కంపెనీవి దూరానికి ఒకేలా కనిపిస్తాయి. రేకు వెనక మార్కర్‌తో అంకె పెద్దగా, పక్కన తేదీలు రాసుకోవడమే దారి. షాపువాళ్లు మెడ్రోల్ (అంటే మిథైల్‌ప్రెడ్నిసోలోన్) బదులు ఇది, దీని బదులు డెఫ్లాజాకార్ట్ అనే మరో స్టెరాయిడ్ ఇస్తే అంకె అలాగే ఉంచకూడదు: ప్రెడ్నిసోలోన్ 5కి సమానం మిథైల్‌ప్రెడ్నిసోలోన్ 4, డెఫ్లాజాకార్ట్ 6, డెక్సామెథాసోన్ 0.75. ఆ చివరి అంకె చూడండి, 5 బదులు 5 డెక్సా మింగితే ఆరేడు రెట్లు మోతాదు ఒంట్లోకి పోయినట్టే.

చీటీ మీదే అమ్మాల్సిన ఈ షెడ్యూల్ హెచ్ మందు, పేరు లేని పొట్లాల్లో కూడా తిరుగుతుంది. మోకాళ్ల నొప్పులకిచ్చే పొడి రెండు రోజుల్లో అద్భుతంగా పనిచేసి, రెండు నెలల్లో ముఖం గుండ్రంగా తిరిగితే అందులో స్టెరాయిడ్ కలిసిందని అనుమానించాలి. అనుమానం వచ్చినరోజే ఆ పొడి పారేసి మానేయకండి. మిగిలిన పొట్లం, ఎన్నాళ్లు వాడారో రాసిన కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. దాన్ని కూడా దించే ఆపాలి.