నాథులా పేరుతో డబ్బు తీసుకుని బాబా మందిర్ నుంచే వెనక్కి తిప్పేశారు, జాగ్రత్త

నిన్న రాత్రే గ్యాంగ్‌టక్ నుంచి హైదరాబాద్ చేరాం. కోపం ఇంకా చల్లారలేదు. సిక్కిం వెళ్ళే ఆలోచనలో ఉన్నవాళ్ళు డబ్బు కట్టకముందే చదువుతారని ఇప్పుడే రాస్తున్నాను.

ఎంజీ మార్గ్ దగ్గర ఒక ట్రావెల్ ఆఫీసులో బండి మాట్లాడుకున్నాం. ఛాంగు లేక్, బాబా మందిర్, చైనా సరిహద్దులోని నాథులా కనుమ, మూడూ ఒకే రోజులో. నాథులా పర్మిట్ కోసమని విడిగా 4,500 అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చేశాను. ఈ ట్రిప్పే మా నాన్న కోసం. ఆయనకు 73 ఏళ్ళు, 1971లో ఆర్మీలో చేరారు. ఆయన మొదటి యూనిట్‌లోని హవల్దారుగారు 1967లో నాథులా దగ్గర పోరాడినవారట. ఆ కబుర్లు మా చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఒక్కసారి ఆ చోటు కళ్ళారా చూడాలన్నది నాన్న కోరిక.

మంగళవారం పొద్దున్నే బయల్దేరాం. ఛాంగు దాటి పైకి వెళ్ళాక, నాథులా దారి చీలే చోట బండి ఆగలేదు. అదేంటని నాన్న అడిగితే డ్రైవర్ వెనక్కి కూడా చూడకుండా, "ఊపర్ బర్ఫ్ హై, ఆర్మీ నే బంద్ కర్ దియా" (పైన మంచు ఉంది, ఆర్మీవాళ్ళు మూసేశారు) అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా నమ్మాం.

బాబా మందిర్ దగ్గర ఒక జవాన్ కనిపిస్తే నాన్న తన యూనిట్ పేరు చెప్పి పలకరించారు. ఆ అబ్బాయి "రామ్ రామ్ సాబ్" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. మంచు పడిందటగా అని నాన్న అంటే అతను ఆశ్చర్యపోయాడు. మంచు కాదు సాబ్, టూరిస్టులకు సోమ, మంగళవారాలు నాథులా ఎప్పుడూ సెలవే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. డ్రైవర్ దగ్గరున్న ప్లాస్టిక్ కవర్ లాక్కుని పర్మిట్ కాగితం తీశాను. మా ఐదుగురి పేర్లు ఉన్నాయి. వెళ్ళే చోటు దగ్గర ఛాంగు, బాబా మందిర్ అంతే. నాథులా అన్న మాటే లేదు. అంటే మా దగ్గర డబ్బు తీసుకునేటప్పుడే ఆ ట్రావెల్ ఆఫీసువాడికి అంతా తెలుసు.

సాయంత్రం ఆఫీసుకు వెళ్ళి నిలదీశాం. ఆ మనిషి ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "ఈ వయసులో మీ నాన్నకు అక్కడ ఊపిరాడకపోతే ఎవరిది బాధ్యత? వెళ్ళకపోవడమే మంచిదైంది. అయినా అక్కడ ఏముంది, ఒక ముళ్ళకంచె" అన్నాడు. నాన్న గుమ్మం దగ్గరే టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు, ప్రతి మాటా విన్నారు. ఆ ముళ్ళకంచె వేస్తుండగానే కదా 1967 సెప్టెంబర్ 11న చైనా సైన్యం మనవాళ్ళ మీద కాల్పులు మొదలుపెట్టింది! దాని కోసం ప్రాణాలిచ్చినవాళ్ళున్నారు. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. "పద నాన్నా, వెళ్దాం" అని నా భుజం మీద చెయ్యి వేశారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ చెయ్యి గుర్తొస్తేనే నిద్ర పట్టడం లేదు.

పర్మిట్ డబ్బు వాపసు ఉండదంటూ చివరికి 2,000 బల్ల మీద పడేశాడు.

తప్పు నాది కూడా. హోటల్ రూముల కోసం పది సైట్లు వెతికినవాణ్ణి, నాథులా ఏ రోజుల్లో తెరిచి ఉంటుందో మాత్రం చూసుకోలేదు. నాన్నకు మళ్ళీ ఆ 14,000 అడుగుల ఎత్తుకు వెళ్ళే ఓపిక ఎప్పుడుంటుందో!

మీరు వెళ్తే బుధవారం నుంచి ఆదివారం లోపే పెట్టుకోండి. బండి ఎక్కకముందే పర్మిట్ కాగితం చేతిలోకి తీసుకుని, అందులో నాథులా అని ఉందో లేదో చదవండి. విదేశీ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళను అక్కడికి రానివ్వరు, అమెరికా నుంచి పిల్లలతో వచ్చేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. రసీదు మీద కూడా నాథులా అని రాయించుకోండి. మాకిచ్చిన చీటీలో 'సైట్‌సీయింగ్' అని మాత్రమే ఉంది, నేను చదవకుండానే జేబులో పెట్టుకున్నాను.