ఉప్పుగాలిలో ఆరేళ్లు: నా కార్బన్ ఫైబర్ మాస్ట్

హామ్ రేడియో, అంటే దూరాన ఉన్నవాళ్లతో సరదాగా రేడియోలో మాట్లాడుకోవడం, నా అభిరుచి. దాని యాంటెన్నాను ఎత్తి పట్టడానికి పది మీటర్ల కార్బన్ ఫైబర్ టెలిస్కోపిక్ కర్రను విశాఖలో మా డాబా మీదికి ఎక్కించిన రోజు, పక్కింటి మాస్టారు పిట్టగోడ మీదుగా చూసి, "సముద్రం రెండు కిలోమీటర్లుంది కదండీ, గాలం అక్కడిదాకా అందుతుందా?" అన్నారు. ఆరేళ్లయింది. ఆయన ఇప్పటికీ అదే జోక్ వేస్తారు. నేను మాత్రం ఆ కర్రను వాడే తీరు పూర్తిగా మార్చుకున్నాను.

కొన్నది బరువు చూసి. అల్యూమినియం పైపు ఒక్కడినీ నిలబెట్టలేక నడుం పట్టేసింది. ఇది చేతిలోకి తీసుకుంటే అసలు ఏమీ లేనట్టుంది. గ్లాస్ ఫైబర్ కర్ర కూడా తేలికే గానీ, గాలికి చెరుకుగడలా ఊగుతుంది. కార్బన్ నిటారుగా నిలబడుతుంది. ఆ గట్టిదనం విషయంలో నాకు ఇప్పటికీ ఒక్క ఫిర్యాదూ లేదు.

తప్పు నాదే. 14 మెగాహెర్ట్జ్ కోసం అయిదు మీటర్ల పావు తరంగం తీగను (తరంగం పొడవులో నాలుగో వంతుండే యాంటెన్నా) కర్ర పొడుగునా టేపుతో అంటించి, కింద నాలుగు రేడియల్స్ (దానికి తోడుగా ఉండే తీగలు) పరిచాను. యాంటెన్నాను కొలిచే నానోవీఎన్ఏ పరికరం పెడితే రెజొనెన్స్ (యాంటెన్నా సహజంగా పలికే ఫ్రీక్వెన్సీ) దాదాపు అర మెగాహెర్ట్జ్ కిందికి జారి ఉంది. తీగ కత్తిరించాను. ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, ఒకటికి ఒకటైతే ఏమీ రానట్టు) బ్యాండ్ ఈ చివర నుంచి ఆ చివరిదాకా అద్భుతంగా వచ్చింది. నేను మురిసిపోయాను. పవర్‌నంతా వేడిగా మార్చేసే డమ్మీ లోడ్‌కి కూడా ఎస్‌డబ్ల్యూఆర్ ఒకటికి ఒకటే వస్తుందని, దాంతో ఎవరితోనూ మాట్లాడలేమని నాకు తెలియక కాదు!

అసలు సంగతి, కార్బన్ కరెంటును పోనిస్తుంది, కానీ రాగిలాగా కాదు. తీగకు సమాంతరంగా దాన్ని ఆనించి పెడితే అందులోనూ ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటు పుట్టి, కొంత పవర్ వేడిగా పోతుంది. తర్వాత ఒక గ్లాస్ ఫైబర్ కర్ర కొని, అవే రేడియల్స్‌తో, తీగను మళ్లీ పొడిగించి, రోజు విడిచి రోజు మార్చి చూశాను. మన చిన్న సిగ్నల్ ఎక్కడెక్కడ ఎంత బలంగా అందిందో చూపే డబ్ల్యూఎస్‌పీఆర్‌లో యూరప్ నుంచి వచ్చిన రిపోర్టులు గ్లాస్ మీద మూడు నాలుగు డీబీలు (సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత) మెరుగ్గా కనిపించాయి. ఇది ల్యాబ్ పరీక్షేమీ కాదు, వాతావరణం రోజూ ఒకేలా ఉండదు. కానీ వారం పొడుగునా తేడా ఒకవైపే ఉంటే ఇక వాదించడానికేముంది?

మరి కార్బన్ ఎక్కడ పనికొస్తుంది? 7 మెగాహెర్ట్జ్ ఇన్వర్టెడ్ వీని (తలకిందులైన V ఆకారపు తీగ యాంటెన్నా) మధ్యలో ఎత్తి పట్టుకోవడానికి. తీగలు రెండు పక్కలకీ సమానంగా దిగుతాయి కాబట్టి మధ్యలో నిలువుగా ఉన్న కర్ర పెద్దగా జోక్యం చేసుకోదు. కేబుల్ తీగలకు కలిసే ఫీడ్ పాయింట్ దగ్గర మంచి చోక్ బాలన్ (కేబుల్ పైతొడుగు మీద కరెంటును ఆపేది) మాత్రం పెట్టాలి. లేకపోతే కోయాక్స్ కేబుల్ పైతొడుగు మీద పారే కరెంటు పక్కనున్న కార్బన్‌కీ అంటుతుంది. మిగిలిన కార్బన్ గొట్టం ముక్కతో 145 మెగాహెర్ట్జ్‌కి మూడు ఎలిమెంట్ల (అడ్డకడ్డీల) యాగీ, అంటే ఒకవైపు గురిపెట్టే యాంటెన్నా, దానికి బూమ్ (మధ్య దండం) చేశాను. ఎలిమెంట్లు బూమ్‌ని తాకకుండా ప్లాస్టిక్ పట్టీల మీద కూర్చుంటాయి. అంతరిక్ష కేంద్రం 145.800 మీద వినిపించే ఆ ఎనిమిది, పది నిమిషాలూ చేయి లాగకుండా పట్టుకోవచ్చు.

అసలు దెబ్బ ఉప్పుగాలి కొట్టింది. అడుగున బిగించడానికి గొట్టం లోపల అల్యూమినియం స్లీవ్ దూర్చాను. తడి, ఉప్పు ఉన్నచోట కార్బన్, అల్యూమినియం కలిస్తే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. రెండో వానాకాలం అయ్యేసరికి తెల్లపొడి ఉబ్బి, గొట్టం నిలువునా చీలింది. ఇప్పుడు రెంటికీ మధ్య ఎపాక్సీ జిగురుతో గ్లాస్ గుడ్డ చుట్టి ఉంచాను. హోస్ క్లిప్ నేరుగా బిగించినా ఇదే గతి, కింద రబ్బరు ముక్క తప్పనిసరి. ఎండ సంగతి మరొకటి. మూడో ఏటికల్లా కర్ర పైపొరలోని ఎపాక్సీ పొడి రాలి, నల్లటి నూగు అరచేతిలో గుచ్చుకోవడం మొదలైంది. యూవీ వార్నిష్ కొన్నరోజే పూయాల్సింది. కోసేటప్పుడు మాస్క్ మర్చిపోవద్దు.

ఇంకో మాట, ఇది సరదాకి కాదు. మన వీధుల్లో 11 కేవీ లైన్లు డాబాలను రాసుకుంటూ పోతాయి. నల్లకర్ర కదా, ప్లాస్టిక్‌లాంటిదేలే అనుకుంటే ప్రాణం పోతుంది. కర్ర ఎటు పడినా లైనుకి అందనంత దూరం ఉంటేనే లేపండి. ఉరిమితే నేను దించేస్తాను. తుపాను హెచ్చరిక వస్తే ముందురోజే దించుతాను. హుద్‌హుద్‌కి 2014 అక్టోబరులో ఈ ఊళ్లో ఇనుప టవర్లే ఒరిగాయి.

ఇప్పుడు నా మాస్ట్‌లో అడుగున ఆరు మీటర్లు కార్బన్, ఆ పైన గ్లాస్ ఫైబర్ ముక్కలు. నిలువు తీగ పక్కనున్న గ్లాస్ కర్ర మీదికి వెళ్లిపోయింది. మళ్లీ కొనాల్సి వస్తే నిలువు యాంటెన్నాకి కార్బన్ కొనను, ఎవరైనా ఉచితంగా ఇచ్చినా దాన్ని బూమ్‌కే కోసుకుంటాను.