క్యాన్సర్ సిగ్నలింగ్‌లో పీహెచ్‌డీ: ఇక్కడ మేలా, అమెరికాలోనా?

ఒంగోలు, నెల్లూరు కాలేజీల్లో బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేస్తున్న పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. "అన్నా, క్యాన్సర్‌లో సెల్ సిగ్నలింగ్ (కణాల్లో సంకేతాలు సాగే తీరు) మీద పనిచెయ్యాలనుంది. నెట్ రాసి ఇక్కడే చేరమంటావా, అమెరికాకి అప్లై చెయ్యమంటావా?" నా మాట ముందే చెప్పేస్తా: పీహెచ్‌డీ ఇక్కడ, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొన్నేళ్లు చేసే పరిశోధన) అక్కడ.

అప్పు చేసి అమెరికాలో బయోటెక్ ఎమ్మెస్ చెయ్యడం మూడో దారి. దాన్ని నేను లెక్కలోకే తీసుకోను. పీహెచ్‌డీకైతే అక్కడ ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. అలాంటప్పుడు పొలం తాకట్టు పెట్టి ఎమ్మెస్ ఎందుకు?

డబ్బు సంగతికొస్తే, ఇక్కడ నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ దక్కితే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరు. ఆ డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యమవుతుంది, దానికి సిద్ధపడాలి. కాలం రెండు చోట్లా ఒకటే, అయిదారేళ్లు. "ఇంకా చదువేనా?" అని చుట్టాలు అడగడం కూడా రెండు చోట్లా ఒకటే.

అసలు తేడా ల్యాబ్‌లో ఉంది. కణానికి ఈజీఎఫ్ (పెరగమని చెప్పే ప్రోటీన్) తగిలిన అయిదు నిమిషాలకే, లోపల ఆ సంకేతాన్ని మోసే ఈఆర్‌కే అనే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ చేరుతుంది, కాసేపటికి తగ్గిపోతుంది. చాలా క్యాన్సర్ కణాల్లో ఆ తగ్గడమే చెడిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఫాస్ఫేట్ చేరిన ప్రోటీన్‌ని మాత్రమే గుర్తించే యాంటీబాడీలు, ఒక్కో ప్రోటీన్ పనిని ఆపే రకరకాల ఇన్హిబిటర్లు కావాలి. వాటిలో చాలావరకు ఇప్పటికీ విదేశాల నుంచి ఐసులో పెట్టుకుని రావాల్సినవే. అమెరికాలో ఇవాళ ఆర్డర్ పెడితే ఒకటి రెండు రోజుల్లో చేతికొస్తాయి. ఇక్కడ ఇండెంటు, కొనుగోలు విభాగం, కస్టమ్స్ దాటి వచ్చేసరికి వారాలు పడుతుంది. రోజుకో కొత్త ఊహను పరీక్షించాల్సిన పనిలో ఇది చిన్న నష్టం కాదు. ఈ విషయంలో అమెరికాదే పైచేయి, అందులో నాకు వాదన లేదు. మొదటి ఏడాది రెండు మూడు ల్యాబ్‌లలో తిరిగి చూసి గైడ్‌ని ఎంచుకునే రొటేషన్ పద్ధతి కూడా అక్కడ దాదాపు అన్ని చోట్లా ఉంది.

అయినా ఇక్కడికే ఎందుకు మొగ్గుతున్నానంటే, ప్రశ్న ఇక్కడుంది గనక. నోటి క్యాన్సర్ మన దేశంలో ఎక్కువ. చిగుళ్లు, బుగ్గ లోపలి కణుతుల్లో ఏ జన్యువులు మారుతున్నాయో పశ్చిమ బెంగాల్‌లోని కళ్యాణి, నవీ ముంబై శాస్త్రవేత్తలు 2013లో తేల్చారు. ఆ మార్పులు సంకేతాలను ఎలా తప్పు దారి పట్టిస్తున్నాయో తవ్వాల్సింది ఇంకా చాలా ఉంది. ఆ నమూనాలు దొరికేది మన ఆసుపత్రుల్లో, బోస్టన్‌లో కాదు. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్లలో తరచూ కనిపించే కేరాస్ అనే సంకేత జన్యువులోని జీ12సీ మార్పుకు అమెరికాలో మొదటి మందు 2021లో వచ్చింది. టంగుటూరు, కొండపి పొగాకు బ్యారన్ల వాసన పీల్చి పెరిగినవాళ్లకి ఈ కథ నేను వేరే చెప్పాలా!

దారి మాటకొస్తే మనవాళ్లే ఇద్దరున్నారు. 1920ల మొదట్లో అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లోనే పీహెచ్‌డీ చేశారు. ప్రోటీన్లకు ఫాస్ఫేట్ చేర్చే కైనేజులు అనే ఎంజైములు ఏ ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) నుంచి ఫాస్ఫేట్ తీసి అంటిస్తాయో, ఆ ఏటీపీని కండరం నుంచి వేరుచేసిన వారిలో ఆయనొకరు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు, 1940లో మందుల కంపెనీకి వెళ్లారు. ఇక ఈ. ప్రేమ్‌కుమార్ రెడ్డి ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసి తర్వాత అమెరికా వెళ్లారు. మూత్రాశయ క్యాన్సర్ కణంలో రాస్ జన్యువు ఒక్క అక్షరం మారడం వల్లే చెడిందని 1982లో రుజువు చేసిన పత్రాల్లో ఒకదానికి మొదటి రచయిత ఆయనే. ఇక్కడ పీహెచ్‌డీ చేసి వెళ్తే ఆలస్యమైపోతుందని భయపడేవాళ్లకి ఈ పేరు చెబుతుంటాను.

ఇప్పటి పరిస్థితి కూడా చూడాలి. 2025లో అమెరికా ప్రభుత్వ పరిశోధన నిధులకు కోతలు పడ్డాయి, కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి. అక్కడి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ట్రైనింగ్ గ్రాంట్లు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మన పిల్లలు ఎక్కువగా గైడ్ తెచ్చుకునే గ్రాంట్ మీదే ఆధారపడాలి. అది ఆగితే చిక్కే. పోస్ట్‌డాక్‌గా వెళ్తే అప్పటికి చేతిలో డిగ్రీ, పేపర్లు ఉంటాయి. తిరిగి రావాలనుకుంటే రామలింగస్వామి రీ-ఎంట్రీ ఫెలోషిప్ ఉంది.

దీనికి మినహాయింపు లేకపోలేదు. మంచి ల్యాబ్‌లో ఏడాది రెండేళ్లు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేసి, గైడ్ దగ్గర గట్టి సిఫారసు లేఖ ఉండి, బతికున్న కణంలో సంకేతాన్ని సూక్ష్మదర్శినితో చూసే తరహా ఖరీదైన పని మీద మనసుంటే, నేరుగా వెళ్లండి. అక్కడి అప్లికేషన్ల గడువు చాలావరకు డిసెంబరు మొదట్లోనే ముగుస్తుంది. నెట్‌కి చదువుతూనే వాటినీ పంపొచ్చు, ఒకటి రెండోదానికి అడ్డం కాదు.