విజయనగరంలో సినిమా మ్యూజియం: ఫిల్ము ఎక్కించే బల్ల దగ్గర గంట గడపండి

విజయనగరంలో గంటస్తంభం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, మూతపడిన ఒక సినిమా హాల్లోని ఆపరేటరు గదినీ దాని కింది వరండానీ కలిపి చిన్న మ్యూజియం చేశారు. అద్దాల వెనక వస్తువులు చూసి వచ్చేసే చోటు కాదిది. తిప్పాలి, ఎక్కించాలి, కత్తిరించాలి, అతకాలి. చెయ్యి తప్పితే ఆ తప్పు వెంటనే కళ్లకి కనిపించే వస్తువులే ఇక్కడ బాగున్నవి. వేలితో తాకే తెరలకీ గోడ మీది ఫొటోలకీ పావుగంట చాలు.

వరండాలో మొదట కనిపించేది జోయిట్రోప్. 1834లో విలియం హోర్నర్ రూపం ఇచ్చిన ఆటవస్తువు ఇది. గుండ్రటి డబ్బా, చుట్టూ 12 సన్నని చీలికలు, లోపల 12 బొమ్మల కాగితం పట్టీ. చాలామంది పైనుంచి తొంగి చూస్తారు, బొమ్మలన్నీ అలుక్కుపోయి కనిపిస్తాయి. వంగి, చీలికల్లోంచి ఎదుటి వైపు బొమ్మనే చూడాలి. గట్టిగా తిప్పడం ఇంకో పొరపాటు. సెకనుకి ఒక చుట్టు చాలు, అంటే సెకనుకి 12 బొమ్మలు. అక్కడున్న వాళ్లని 11 బొమ్మల పట్టీ అడిగి తీసుకోండి, అది బల్ల మీద ఉండదు. చీలికలు 12, బొమ్మలు 11 అయ్యేసరికి గుర్రం పరుగెత్తుతూనే పక్కకి జరిగిపోతుంది. బొమ్మ నిలబడాలంటే చీలికల లెక్కా బొమ్మల లెక్కా కలవాలన్న సంగతి పిల్లలకి అర నిమిషంలో అర్థమవుతుంది. పక్కనే చీలికల బదులు అద్దాలు పెట్టిన ప్రాక్సినోస్కోప్ నమూనా ఉంది. 1877లో ఎమీల్ రేనో చేసినది ఇలాంటిదే. వెలుతురు చీలికల్లో పోదు కాబట్టి బొమ్మ బాగా తేటగా ఉంటుంది. ఈ రెండూ వెంటవెంటనే చూడండి.

ఇక మేడ మీదికి. ఇనప మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టమే. పైన ఒక పక్క కప్పు తీసేసిన 35 ఎం.ఎం. ప్రొజెక్టరు తల ఉంది. మోటారు లేదు, చేతి పిడితో తిప్పాలి. లోపల నాలుగు గాళ్ల నక్షత్రం ఆకారపు చక్రం, దాని పక్కన ఒక మేకున్న చక్రం కనిపిస్తాయి. మేకు చక్రం ఒక చుట్టు తిరిగితే నక్షత్రం పావు చుట్టే తిరుగుతుంది. దాని ఇరుసు మీదే ఉన్న 16 పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్, నాలుగు పళ్లు జరుగుతుంది. ఒక ఫ్రేముకి పక్కన ఉండే రంధ్రాలు నాలుగే, కాబట్టి కచ్చితంగా ఒక ఫ్రేము దిగుతుంది. మేకు చుట్టులో ముప్పావు వంతు సేపు ఫిల్ము కదలదు, పావు వంతులోనే కిందికి దిగుతుంది. తెర మీద కదిలే బొమ్మని చూస్తున్నంతసేపూ యంత్రంలో ఫిల్ము సెకనుకి 24 సార్లు ఆగుతోందన్నమాట.

ఫిల్ము దిగే ఆ క్షణం తెర మీద పడకుండా షట్టరు రెక్క కమ్ముతుంది. ఇక్కడ షట్టరుని కావాలని కొంచెం తప్పించి పెట్టి చూడనిస్తారు. నల్ల తెర మీద తెల్ల పేర్లకి తోకలు మొలుస్తాయి. రెక్క సమయానికి కమ్మకపోతే వచ్చే లోపం అది. ఒక రెక్క సరిపోయే చోట రెండు ఎందుకని అడిగితే సమాధానం కూడా అక్కడే చూపిస్తారు. రెండో రెక్క తీస్తే వెలుతురు మిణుకుమంటుంది. ఉంటే ఒక్కో ఫ్రేము రెండుసార్లు మెరిసి, సెకనుకి 48 మెరుపులవుతాయి, కన్ను సర్దుకుంటుంది.

అసలు బల్ల దీని వెనకుంది, ఫిల్ము ఎక్కించే ప్రొజెక్టరు. ఒక గంట దీనికే ఉంచుకోండి. పై రీలు నుంచి ఫిల్ము లాగి, బొమ్మ తలకిందులుగా, మెరుపు లేని వైపు దీపం వైపు ఉండేలా పట్టుకోవాలి. పై స్ప్రాకెట్ మీద వేసి, గేటు (దీపం వెలుగు ఫిల్ము గుండా దాటే చోటు) పైన వదులుగా ఒక లూపు, అంటే వంపు, ఉంచి, గేటులో కూర్చోబెట్టి, ఆగి ఆగి తిరిగే స్ప్రాకెట్ మీద నాలుగు రంధ్రాల లెక్క చూసుకుని మూయాలి. కింద ఇంకో లూపు. అక్కణ్ణుంచి శబ్దం చదివే సౌండ్ డ్రమ్ము చుట్టూ తిప్పి, కింది స్ప్రాకెట్ దాటించి, కింది రీలుకి చుట్టాలి. మోటారు వేసేముందు పిడితో చేత్తో రెండు మూడు ఫ్రేములు తిప్పి చూడాలి. ఈ చివరి పని వదిలేసేవాళ్లే ఫిల్ము తెంపుతారు.

లూపు అక్కరలేని వదులులా కనిపిస్తుంది గాని, అదే ప్రాణం. పై స్ప్రాకెట్ ఆగకుండా తిరుగుతుంది, గేటు కిందిది ఆగి ఆగి తిరుగుతుంది. రెంటి మధ్యా తేడాని మింగేది లూపే. చిన్నదైతే టకటకమని చప్పుడు మొదలై రంధ్రాలు చిరుగుతాయి. మరీ పెద్దదైతే ఫిల్ము పెట్టె గోడకి రాసుకుని గీతలు పడతాయి. అక్కడ నేర్పే పెద్దాయన ప్రతి గుంపుకీ అదే మాట చెబుతారు: "లూపు ఒగ్గీకండి బాబూ, ఫిల్ము సిరిగిపోద్ది."

తెర మీద పైన కాళ్లు, కింద తలలు వచ్చి మధ్యలో నల్ల గీత కనిపిస్తే ఒకటి రెండు రంధ్రాలు తప్పి ఎక్కించారని అర్థం. భయపడక్కర్లేదు, ఫ్రేము సరిచేసే పిడి ఉంది. పెదవులకీ మాటకీ పొత్తు కుదరకపోతే మాత్రం పిడి పనిచేయదు. గేటు దగ్గర ఫిల్ము కుదుపులతో నడుస్తుంది, అక్కడ శబ్దం చదవలేరు. అందుకే ఒక బొమ్మకి చెందిన శబ్దాన్ని దాదాపు 20 ఫ్రేములు ముందుకి ముద్రిస్తారు. కింది లూపు పెరిగితే గేటుకీ సౌండ్ డ్రమ్ముకీ మధ్య ఆ దూరం మారిపోతుంది. ఒక ఫ్రేము తేడా ఎవరికీ తెలియదు, నాలుగైదు తేడా వస్తే మాట వెనకబడుతుంది. ఫిల్ము విప్పి మళ్లీ ఎక్కించాల్సిందే.

దీపం స్థానంలో ఎల్.ఈ.డి. పెట్టారు, మంచి నిర్ణయం. రెండు కార్బన్ కడ్డీల మధ్య కరెంటుతో పుట్టే ఆర్క్ వెలుగు ముందు ఫిల్ము ఆగితే క్షణాల్లో బుడగలెత్తి కాలుతుంది, సందర్శకుల చేతికి ఇవ్వగలిగినది కాదు. కార్బన్ కడ్డీలు మాత్రం వెలిగించని దీపం గూట్లో ఉన్నాయి, మధ్య ఎడం మరతో సర్దడం ప్రయత్నించవచ్చు. కడ్డీలు కాలి అరుగుతూ ఉంటే ఎడం పెరుగుతుంది, తెర మసకబారుతుంది. ఆపరేటరు రీలు మీదా కార్బన్ల మీదా ఒకేసారి కన్నేసి ఉంచడానికి కారణం అదే.

అతికే బల్ల దగ్గర రెండు రకాల ఫిల్ము ఇస్తారు. అసిటేట్ ముక్క చేత్తో చిరుగుతుంది, పాలియెస్టర్ చిరగదు. అసిటేట్‌ని సిమెంటుతో అతకాలంటే ఒక అంచు మీది బొమ్మ పొరని పూర్తిగా గీకేయాలి. సిమెంటు ఫిల్ము పదార్థాన్నే కరిగించి కలుపుతుంది, పొర మిగిలితే పట్టదు. ఎక్కువమంది అతుకులు ఊడేది అక్కడే. పాలియెస్టర్‌ని సిమెంటు కరిగించదు, టేపే దిక్కు. టేపు వేసేటప్పుడు రంధ్రాలు కలిశాయో లేదో వెలుతురులో పెట్టి చూడండి. గోడ మీది లెక్క కూడా బాగుంది: నిమిషానికి 90 అడుగులు, వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు, రెండున్నర గంటల సినిమా 13,500 అడుగులు. నాలుగు కిలోమీటర్లకి పైనే.

మూత బిగించిన సీసాలో పాడైన అసిటేట్ ముక్క ఉంది. మూత తీస్తే వెనిగర్ వాసన ముక్కుకి కొడుతుంది. వేడీ తేమా ఉంటే ఈ జబ్బు త్వరగా ముదురుతుంది, మన కోస్తా గాలి దానికి అనుకూలం. ఇంట్లో పాత పెళ్లి రీళ్లున్న వాళ్లు ఈ సీసా తప్పక వాసన చూడాలి. అదే వాసన వచ్చే రీలుని మిగతావాటి నుంచి విడదీయండి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో బిగించవద్దు, చల్లగా పొడిగా ఉండే చోట పెట్టండి.

లోపాలూ ఉన్నాయి. తెలుగు సినిమా గోడ మీద తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల 15 సెప్టెంబరు 1931 అని ఉంది. అది పాత లెక్క. 6 ఫిబ్రవరి 1932 అని పరిశోధనలో ఎప్పుడో తేలింది, పిల్లలు రాసుకు వెళ్లేలోపు దిద్దాలి. పి. సుశీల పుట్టిన ఊరు, ఘంటసాల సంగీతం నేర్చిన కళాశాల ఉన్న ఊరు ఇది. అయినా పాట రికార్డింగుకి ఒక్క బల్ల కూడా లేదు. టేపు కత్తిరించి అతికే చిన్న యంత్రం పెట్టినా చాలా బాగుండేది. రెండు వేలితెరల్లో ఒకటి పనిచేయడం లేదు.

శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లు పొద్దున్నే ఆర్టీసీ బస్సు ఎక్కండి, ప్రయాణం గంటన్నర నుంచి రెండు గంటలు. మధ్యాహ్నం ఆపరేటరు గది ఉడికిపోతుంది, ఏసీ లేదు. ఆదివారం ఎక్కించే బల్ల దగ్గర వరస పెద్దది, ఒక్కొక్కరికి ఒక్క అవకాశమే వస్తుంది. వారం మధ్యలో అయితే తప్పు చేసి, విప్పి, మళ్లీ ఎక్కించేంత సమయం ఇస్తారు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే మడిచి వెళ్లండి, గాజులు, వాచీలు తీసి జేబులో పెట్టుకోండి. ఫిల్ముని అంచులే పట్టుకోండి.