నోజావా మంట దగ్గర కనుమ రాత్రి

పిడకల దండలు, విరిగిన మంచం కోళ్లు, పాత చీపుళ్లు... భోగి మంట కోసం నెల ముందు నుంచే ఏరుకుని దాచుకున్న పిల్లని నేను. జపాన్‌లోనూ కొత్త సంవత్సరానికి కట్టిన అలంకారాలను జనవరి 15 ప్రాంతంలో మంటలో వేస్తారని విన్నప్పటి నుంచి ఆ మంట చూడాలని ఒకటే ఆశ. అందుకే నగానో ప్రాంతంలోని నోజావా ఒన్సెన్ అనే కొండ ఊరికి ఒంటరిగా బయల్దేరాను. అక్కడ జనవరి 15 రాత్రి జరిగే మంట ఉత్సవం దోసోజిన్‌కి. దోసోజిన్ అంటే దారులను, ఊరి పొలిమేరను కాచే దేవుడు. మన పొలిమేర దేవతలను ఎరిగినవాళ్లకు వేరే వివరం అక్కర్లేదు.

టోక్యో నుంచి హొకురికు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో ఈయామా స్టేషన్‌కు రెండు గంటల లోపే. కగాయాకి బండ్లు అక్కడ ఆగవు, హకుతాకా చూసుకుని ఎక్కాలి. స్టేషన్ నుంచి బస్సులో ఇంకో ఇరవై అయిదు నిమిషాలు. ఎక్కడా ఇబ్బంది పడలేదు.

ఇబ్బందంతా బస దగ్గరే. ఉత్సవం రాత్రికి గదులు నెలల ముందే నిండిపోతాయి. ఒక్కరే వస్తున్నామంటే కొన్నిచోట్ల అసలు ఇవ్వరు. ఇద్దరు పట్టే చాపల గదిని ఒకరికి ఇస్తే వాళ్లకు గిట్టదు. ఒక సత్రంలో బుకింగ్ ఖాయమైందని చెప్పి, రెండు వారాల తర్వాత 'ఒక్కరికి కుదరదు' అని రద్దు చేశారు. చాలా బాధనిపించింది. చివరికి ఇంట్లోవాళ్లే నడుపుకునే మిన్‌షుకు అనే చిన్న బసలో మామూలు కంటే ఎక్కువ ఇచ్చి మూడు రాత్రులు తీసుకున్నాను. ఆ డబ్బు దండగ అనిపించలేదు. నగానో నగరంలో చవకగా దిగి ఆ ఒక్క సాయంత్రం వచ్చి పోదామని చాలామంది అనుకుంటారు. నేనైతే వద్దంటాను. మంట అసలు ఎగిసేది రాత్రి పది దాటాక. అప్పుడు బస్సు వేళ చూసుకుంటూ నిలబడితే ఏం చూసినట్టు? నగానోలోని జెంకోజీ గుడికి ఇంకో రోజు పెట్టుకోండి. ఆ గుడి తొందరపడి చూసేది కాదు.

13నే చేరితే ఇంకా మంచిది. ఆ రోజు బీచ్ చెట్ల పెద్ద దుంగలను తాళ్లతో ఊరి వీధుల్లోంచి మంచు మీద ఈడ్చుకొస్తారు. దారిపొడవునా సాకే అనే బియ్యపు మద్యం పోస్తారు. ఆ దుంగలతోనే చెక్కల గోపురం లాంటి 'షాదెన్' లేస్తుంది.

తిండి సంగతి శాకాహారులు ముందే చూసుకోవాలి. మాంసం లేదన్న చోట కూడా చేపతో కాచిన దాషి అనే రసం ఉంటుంది. ఒక హోటల్లో కూరగాయల వంటకమేనని తెచ్చి పెట్టారు. పైన చల్లిన చేప పొరలు వేడికి కదులుతున్నాయి. మాంసం, చేప, దాషి మూడూ తిననని జపనీస్‌లో రాయించుకున్న చీటీ మా మిన్‌షుకులో పెద్దావిడకు చూపించాను. ఆవిడ నాకోసం విడిగా పుట్టగొడుగులతో మిసో సూప్ కాచింది. పక్కన నోజావానా అనే ఆకుకూర పచ్చడి. ఆవాకు ఘాటు, ఉప్పు, కరకరలాడే కాడలు. మూడు పూటలా అడిగి వేయించుకున్నాను. ఆ ఆకు లోపల కూరి చేసే ఒయాకి అనే పిండి ఉండ కూడా బాగుంటుంది.

ఊళ్లో వేడినీటి ఊటల స్నానశాలలు పదమూడున్నాయి, రుసుము లేదు. వాటిని నడిపేది ఊరివాళ్లే కాబట్టి పెట్టెలో చిల్లర వేసి వెళ్లడం మర్యాద. నూలుపోగు లేకుండా దిగాలి, దిగేముందు ఒళ్లు కడుక్కోవాలి. సిగ్గు మొదటి ఐదు నిమిషాలే. 'ఓయు' అనే స్నానశాలలో వేడి తక్కువున్న తొట్టే నాకు చాలనిపించింది. భోగి తలంటు నాడు అమ్మ పోసే సలసల నీళ్లు గుర్తొచ్చాయి.

ఇక 15 రాత్రి. ఆ ఏడు మనకు కనుమ. బయల్దేరబోతుంటే పెద్దావిడ నా కోటు అంచు పట్టుకుని తల అడ్డంగా ఊపింది. నైలాన్‌కు నిప్పురవ్వ తగిలితే చిల్లు పడుతుందట. తన భర్తది పాత ఊలు కోటు తెచ్చి తొడిగింది. భుజాల దగ్గర అప్పటికే నాలుగైదు కాలిన మచ్చలున్నాయి.

జపాన్‌లో మగవాళ్లకు ఇరవై అయిదు, నలభై రెండు గండాలున్న ఏళ్లు. నలభై రెండేళ్లవాళ్లు షాదెన్ పైన కూర్చుంటారు. ఇరవై అయిదేళ్లవాళ్లు కింద కాపలా. చెకుముకి రాయితో పుట్టించిన నిప్పు తెచ్చి ఊరివాళ్లు కాగడాలతో షాదెన్‌ను అంటించడానికి మీద పడతారు. మొదట పిల్లలు, తర్వాత పెద్దలు. కింద ఉన్న కుర్రాళ్లు పైన్ కొమ్మలతో, ఒళ్లు అడ్డుపెట్టి ఆ మంటను ఆపాలి. నా ఎదుట ఒకడి మొహం మసితో నల్లబడి కళ్లు మాత్రమే మెరుస్తున్నాయి. కొమ్మ ఆకులు రాలి ఒట్టి కర్ర మిగిలినా దానితోనే కొడుతున్నాడు. పైనుంచి పాట ఆగలేదు. గంట దాటాక అందరూ చప్పట్లు చరిచి ఆపేశారు. అంతవరకు కాపాడిన షాదెన్‌కు నిప్పంటించారు. తొలి కొడుకు పుట్టిన ఇళ్లవాళ్లు కట్టిన ఎత్తయిన దీపస్తంభాలనూ అందులోనే వేశారు. కొట్టుకున్నవాళ్లు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని ఏడుస్తున్నారు.

మంచు గడ్డకట్టి నేల జారుతుంది. బూట్లకు ఇనుప ముళ్ల పట్టీలు కొనుక్కోండి. ముందు వరుసకు తోసుకు పోవద్దు. అది ఊరివాళ్ల చోటు. గట్టు మీది నుంచి అన్నీ కనిపిస్తాయి.

తెల్లారి కోటు తిరిగి ఇవ్వబోతే పెద్దావిడ ఉంచుకోమని సైగ చేసి, నన్ను మళ్లీ మంట వేసిన మైదానానికి తీసుకెళ్లింది. బూడిద ఇంకా పొగలు కక్కుతోంది. పుల్లకు గుచ్చిన మోచి, అంటే ఉడికించి దంచిన జిగురు బియ్యపు ముద్ద, ఆ నిప్పుల మీద కాల్చి నా చేతిలో పెట్టింది. అంటిన బూడిద దులపబోయాను. వద్దని, అలాగే తినమంది.