క్లిప్పా, కాయిలా: బిల్లు ఎక్కడ పెరుగుతుంది?

మెదడు రక్తనాళం బుడగలా ఉబ్బితే దాన్ని మూయడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. పుర్రె తెరిచి ఉబ్బు మెడకు టైటానియం క్లిప్పు బిగించడం పాత పద్ధతి. గజ్జల దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, ప్లాటినం తీగచుట్టలతో, అంటే కాయిళ్లతో, ఉబ్బును నింపడం 1990ల నుంచి ఉన్నది.

క్లిప్పు ఖర్చులో పెద్ద వాటా ఆపరేషన్ థియేటర్‌ది, ఐసీయూది, పడక మీద గడిపే రోజులది. చాలాసార్లు ఒక్క క్లిప్పే సరిపోతుంది. కాయిల్ లెక్క వేరు. పెద్ద ఉబ్బుకు ఐదారు చుట్టలు పట్టవచ్చు, దేని ధర దానిదే. ఉబ్బు మెడ వెడల్పుగా ఉంటే స్టెంటు అదనం. అందుకే మన దగ్గర మొదటి బిల్లు తరచుగా దీనికే ఎక్కువ. రోగి త్వరగా ఇల్లు చేరతాడు, నిజమే. కానీ తర్వాత యాంజియోగ్రామ్‌లు, కొందరికి మళ్లీ చికిత్స తప్పవు. అంచనా కాగితంలో ఇవి కనిపించడం అరుదు.

ఐశాట్ అధ్యయనం ఉబ్బు పగిలిన 2,143 మందిని పోల్చింది. ఏడాది తర్వాత మరణించినవారు, ఇతరులపై ఆధారపడినవారు కలిపి కాయిల్ వర్గంలో సుమారు 24 శాతం, క్లిప్పు వర్గంలో 31 శాతం. ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు: పరికరాలపై పెరిగినది ఆస్పత్రి రోజుల్లో తగ్గింది. అయితే అది బ్రిటన్ లెక్క. ఇక్కడైతే నేను ముందు అడిగేది ఒకటే: ప్యాకేజీలో ఎన్ని కాయిళ్లు కలిపారు?