ఋణ అయాన్ల పరీక్షలు: డెల్టా నీటిపై దీర్ఘకాలం వాడిన తరువాత

భీమవరం పరిసరాల్లో రొయ్యల చెరువుల నీటిని, బోరు నీటిని పరీక్షించే చిన్న ల్యాబులో ఏళ్ల తరబడి క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు వంటి ఋణ అయాన్లను (నీటిలో కరిగి ఉండే ఋణావేశ కణాలను) పట్టే ఈ పరీక్షలు చేస్తున్నందున, వీటి బాగోగులు చెప్పగలననుకుంటున్నాను.

క్లోరైడును పట్టుకునే సిల్వర్ నైట్రేట్ పరీక్షకే నా మొదటి ఓటు. నమూనాలో సజల నైట్రిక్ ఆమ్లం కలిపి, రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేయగానే పెరుగు తరకల్లాంటి తెల్లని అవక్షేపం (కరగకుండా అడుగుకు దిగే పదార్థం) వస్తుంది; అమోనియా ద్రావణం పోస్తే కరిగిపోతుంది. ముందుగా ఆమ్లం కలపకపోతే కార్బొనేట్ కూడా తెల్లగా దిగి తికమక పెడుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రం పనికిరాదు, అందులో ఉన్నదే క్లోరైడు కదా! అయితే ఈ పరీక్ష సున్నితత్వమే మన ప్రాంతంలో చిక్కు తెచ్చిపెడుతుంది. మొగల్తూరు, నరసాపురం వైపు ఉప్పు బోరు నీటితో కడిగిన పరీక్షనాళికలో ఒట్టి డిస్టిల్డ్ వాటర్ పోసి చూసినా తెల్లని మసక తేలుతుంది. అందుచేత చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే జరగాలి, ప్రతి నమూనా పక్కనా పోల్చి చూసుకోవడానికి ఆ డిస్టిల్డ్ వాటర్‌నే పోసిన మరో నాళిక ఉండాలి. పైగా ఇక్కడ ఉప్పు ఉందా అన్నది ప్రశ్నే కాదు, ఎంత ఉందన్నదే ప్రశ్న. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీటి వనరు లేనిచోట 1000 వరకు అనుమతి ఉంది. ఆ లెక్క తేలాలంటే ఆమ్లం కలపని నమూనాలో పొటాషియం క్రోమేట్ వేసి, ఇటుక ఎరుపు నిలిచేదాకా సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ (ఎంత ద్రావణం పట్టిందో కొలుస్తూ చుక్కచుక్కగా కలపడం) చేయాల్సిందే.

సల్ఫేటుకు బేరియం క్లోరైడ్ పరీక్ష ఏ ఇబ్బందీ పెట్టలేదు; బేరియం లవణం విషం కనుక వాడిన ద్రావణాన్ని కాలువలోకి వదలకూడదు, అంతే.

నైట్రేటుకు చేసే గోధుమ వలయ పరీక్షతోనే నా పేచీ. ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోవాలి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నాళిక గోడ వెంట నెమ్మదిగా జార్చాలి, చేయి కదిలితే వలయం చెదిరిపోతుంది. ఇంత శ్రమా పడ్డాక, నైట్రైటు (నైట్రేటుకు దగ్గరి మరో అయాను) కూడా అదే గోధుమరంగు ఇస్తుంది. మేత ఎక్కువై అడుగు పాడైన చెరువులో ఉండేది తరచుగా ఆ నైట్రైటే. సల్ఫామిక్ ఆమ్లంతో దాన్ని ముందే తొలగించవచ్చు గానీ, రైతుకు కావలసిన సంగతి నైట్రైటు ఎంత ఉందన్నదే కనుక, చెరువు నీటికి నేను గులాబీ రంగు తేలే నైట్రైట్ కిట్‌నే వాడుతున్నాను.